పార్కు వదలని బండితో ధర్మవరానికి

పొద్దున ఆరున్నరకు హిందూపురంలో బయలుదేరాం. నేను, మా అవ్వ, వెనక తొట్టిలో పట్టునూలు మూటలు, ఒక రాయి. రాయి సంగతి ముందే చెప్పాలి. ఈ ప్రయాణంలో సగం గొడవ దానిదే.

నేను చదివిన యాత్రల పుస్తకాల్లో రాసేవాళ్ళు ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని ఉంటారు. బండిని ఎవరో నడుపుతుంటారు. వీళ్ళు చెట్లు చూస్తారు, టీ తాగుతారు, పక్క సీటువాళ్ళ కథలు వింటారు. ఈసారి నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. చెట్లు సరిగ్గా చూడలేదు, క్షమించాలి.

మా నాయన హిందూపురం నుంచి ధర్మవరం మగ్గాలవాళ్ళకు నూలు చేరవేస్తాడు. రెండేళ్ళ కిందట స్కూటరు మీద నుంచి పడి ఎడమ మోకాలు విరిగింది. క్లచ్చు తొక్కలేడు. అందుకని బెంగళూరులో ఒకరు వాడి వదిలేసిన ఆటోమేటిక్ ట్రక్కు కొన్నాడు. పెద్దదేం కాదు, ముందు ఇద్దరు కూర్చుని వెనక సరుకు వేసుకునేది. దాంట్లో క్లచ్చు ఉండదు. గేరు లివరు పక్కన వరసగా ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పి అంటే పార్కు, బండి నిలిపినప్పుడు. డి అంటే ముందుకు పోయేందుకు. బ్రేకు తొక్కి పెడితే తప్ప లివరు పి నుంచి కదలదు. అంతకుమించి నాకు తెలియదు. బండితో పాటు దాని పుస్తకం రాలేదు. వచ్చి ఉంటే మొదటి రోజే చదివేసేదాన్ని.

ఈ మధ్య నాయన మోకాలికి మళ్ళీ ఆపరేషన్ అయింది. ఇంట్లో మిగిలిన డ్రైవరు మా చిన్నాయన. ఆయన జీవితమంతా గేర్ల లారీలు తోలినవాడు. "ఎడమ కాలికి పని లేని బండి బండేనా?" అంటాడు. దానికి తోడు లివరు మొండికేయడం మొదలైంది. పి నుంచి లాగాలంటే రెండు చేతులు కావాలి. వచ్చేటప్పుడు కింద ఠంగుమని చప్పుడు. "గేరుబాక్సు పోతాండాది. పూర్తిగా పోకముందే అమ్మేద్దాం," అని మడకశిరలో ఒకాయన్ను మాట్లాడి, మర్నాడు సాయంత్రం బండి చూసుకోడానికి రమ్మన్నాడు.

అప్పుడు నాయన ఒక మాటన్నాడు. "ఈ లోడు ఒక్కటి పాప తోలుకోని పోయి రానీ. బండి తనంతట అది నడిచి ఇంటికొస్తే అమ్మేది లేదు. ఎవురైనా ఈడ్చుకోని వచ్చినారంటే నీ ఇష్టం."

పాప అంటే నేనే, నాయన దగ్గర ఈ బండి తోలడం నేర్చుకుని ఎన్నాళ్ళో కానిదాన్ని. నలుగురిలో నోరు విప్పాలంటే వాక్యం ముందు మనసులో రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకునే పిల్లను. ఆ రోజు మాత్రం ఎవరూ అడగకముందే, "పోతాను," అన్నాను. డైరీలో కూడా ఆ ఒక్క మాటే రాసి పడుకున్నాను.

బయలుదేరేముందు చిన్నాయన రాయి తెచ్చి తొట్టిలో వేశాడు. చేనుకంచెకు పాతే రాతి కూసం విరిగిన ముక్క అది. చిన్న పీటంత ఉంటుంది. కడుపుకు ఆనించి మోయాలి. "యాడ నిలిపినా పార్కులో వేసి కాలు తియ్యి. బండి రవ్వంత జారి నిలబడుతుంది. అప్పుడు చక్రం కింద రాయి పెట్టు. హ్యాండ్ బ్రేకు జోలికి పోవద్దు, తీగ సాగిపోతుంది." లారీల్లో ఆయన ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది అదే. గేరులో నిలపడం, రాయి పెట్టడం.

నేను బ్రేకు తొక్కగానే బండి వెనక ఎర్ర, నీలం లైట్లు జిగేలుమన్నాయి. ఆయుధపూజకు చిన్నాయన కట్టించిన లైట్ల దండ అది. బ్రేకు వేసినప్పుడల్లా వెలగాలని బ్రేకు లైటు వైరుకే కలిపించాడు. దాన్ని చూసి ఆయన ముఖం కూడా వెలిగింది.

ఊరు దాటే దగ్గర స్పీడు బ్రేకరును నేను ఆలస్యంగా చూశాను. బండి ఎగిరి పడింది. వెనక తలుపు ఠపేలుమని కొట్టుకుంది.

"అమ్మీ, నిదానం," అంది అవ్వ, వక్కాకు సంచి గుండెకు హత్తుకుని. "నాకేం తొందర లేదు. పోయేది ఎట్లైనా పోతాం."

సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కాం. కొత్త కార్లు మోసుకుపోయే పొడవాటి ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటి పక్క నుంచి పోవాలంటే నాకు చెమటలు పట్టాయి. ఒకచోట ముందు ఆటో చటుక్కున ఆగితే గట్టిగా బ్రేకు వేశాను. వెనక బైకు మీద వస్తున్నాయన కిటికీ పక్కకు వచ్చి అరిచాడు.

"ఏమ్మా, బ్రేకేస్తే ఎనక లైటు ఎలగదా? నేనొచ్చి నీ బండికి అతుక్కోని పోవాల్నా?"

నేను నోట్లో వాక్యం కూడదీసుకునేలోగా అవ్వ తల బయట పెట్టింది. "అంత దగ్గిరికి ఏంటికొచ్చినావప్పా? మా బండికి ముద్దు పెట్టేకా?"

ఆయన నవ్వాలో తిట్టాలో తెలియక వెళ్ళిపోయాడు. చిన్నాయన దండ జిగేలు ఆరిపోయింది కాబోలు, పోతే పోయింది అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

ఏడున్నర దాటాక పెనుకొండలోకి తిరిగాం. అవ్వకు అక్కడ దర్గాలో చక్కెర మీద ఫాతిహా చదివించి పంచే మొక్కుంది. నాయన ఆపరేషన్ రోజు మొక్కుకుందట. కొండ నీడ ఇంకా ఊరి మీద ఉంది. దర్గాకు పోయే దారిలో ఎత్తు మీద, ఒక టీ బంకు ఎదురుగా, బండి ఆపాను. చిన్నాయన చెప్పినట్టే పి లో వేసి కాలు తీశాను. బండి బెత్తెడు జారి, ఠక్కుమని ఆగింది. రాయి మోసుకొచ్చి చక్రం వెనక పెట్టాను. టీ బంకాయన కళ్ళార్పకుండా చూశాడు.

అవ్వ చక్కెర చదివించుకుని, గుప్పెడు నా నోట్లో, ఇంకో గుప్పెడు దారిన పోయేవాళ్ళ చేతుల్లో పెట్టింది. టీలు తాగాం. బండెక్కి తాళం తిప్పాను. ఇంజను పలికింది. బ్రేకు తొక్కి లివరు లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. పొద్దున కనీసం ఇటూ అటూ ఆడింది. ఇప్పుడు గోడలో దిగ్గొట్టిన మేకులా ఉంది.

పది నిమిషాల్లో బండి చుట్టూ జనం. వాళ్ళు పిలిచిన మెకానిక్కు మస్తానన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎక్కి కూర్చుని లాగి చూశాడు.

"అమ్మా, నిజం చెప్తా. ఈ మాదిరి బండి నేను చేతబట్టలేదు. లోపల ఏదో ఇరిగిండాది. ఒక ఇనుప రాడ్డు పెట్టి లివరును పెకలించి చూద్దామా?"

"దానికంటే క్రేను తెప్పిచ్చు," అన్నాడు టీ బంకాయన. "ముందు ఆ పిల్లను దిగమను. యాడ నేర్చుకున్నావు పాపా బండి? ఫోన్‌లో చూసి నేర్చుకున్నావా?"

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. అప్పుడే చిన్నాయన ఫోను. ఎవరు చెప్పారో, అప్పటికే ఆయనకు తెలిసిపోయింది.

"నేను చెప్పలా? నువ్వేం భయపడొద్దు హేమా. నేను వేరే బండి పంపిస్తా, మూటలు దాంట్లో వేస్తారు. నువ్వు అవ్వను తీసుకోని బస్సెక్కి వచ్చెయ్. ఆ మడకశిరాయన్నే పెనుకొండకు రమ్మంటా. ఆడి నుంచే ఈడ్చుకోని పోతాడు."

ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కోపం తెప్పించింది. బండి అప్పటికే అమ్ముడుపోయినట్టు, నేను అప్పటికే బస్సు కిటికీ పక్కన కూర్చున్నట్టు మాట్లాడుతున్నాడు. పెద్దవాళ్ళ ఫోను నేను ఎన్నడూ ముందు పెట్టేసిందాన్ని కాదు. "రాను చిన్నాయనా," అని పెట్టేశాను.

మస్తానన్న నిజంగానే రాడ్డు తెచ్చాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"లివరు మీద రాడ్డు వద్దన్నా."

"మరేం చేద్దామంటావు?"

నాకు తెలియదు. కానీ ఒకటి గమనించి ఉన్నాను. కాలేజీ వెనక మైదానంలో నేర్చుకునేటప్పుడు లివరు వెన్నలా వచ్చేది. మా వీధి ఎత్తులో నిలిపినప్పుడే మొండికేసేది. అంటే బండి బరువుకూ లివరుకూ ఏదో సంబంధం ఉంది. పి లో వేస్తే లోపల ఒక పన్ను పడి చక్రాలు తిరగకుండా పట్టుకుంటుందని నాయన ఎప్పుడో అన్నాడు. ఎత్తు మీద బండి బరువంతా ఆ ఒక్క పన్ను మీద పడితే, అది బిగుసుకోదా?

"బండిని కొంచెం పైకి తోయండి. ఆ పట్టు వదులైతే లివరు వస్తుంది," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. అవ్వ నా మాటను పెద్దగా చెప్పింది. "పైకి తొయ్యాలంట! తిన్న చక్కెర అరిగేట్టు తొయ్యండప్పా!"

అయిదారుగురు తోశారు. బండి బెత్తెడు పైకి కదిలింది. నేను బ్రేకు తొక్కి లాగాను. రాలేదు.

"ఇంకేం చదివినావు పాపా?" అని ఎవరో అన్నారు. ఈసారి నవ్వు ఇంకాస్త పెద్దగా వచ్చింది. జనం కొంచెం పలచబడ్డారు కూడా. పని కాదని తేలిపోతే చూడ్డానికి ఏముంటుంది.

నేను దిగలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మొండితనం వచ్చింది. బ్రేకు తొక్కాను, వదిలాను. తొక్కాను, వదిలాను. లివరు కదలాలంటే ముందు నేను బ్రేకు తొక్కానని బండికి తెలియాలి. నేను తొక్కుతూనే ఉన్నాను. దానికి తెలియడం లేదా?

అప్పుడు బైకాయన గుర్తొచ్చాడు. బ్రేకేస్తే ఎనక లైటు ఎలగదా?

వెనక లైటుకు తెలియలేదు. ముందు లివరుకు తెలియలేదు. రెండింటికీ ఒకే చోటి నుంచి కబురు పోతున్నట్టయితే, ఆ కబురు మధ్యలో ఎక్కడో తెగింది.

"అవ్వా, వెనక్కి పోయి చూడు. నేను బ్రేకు తొక్కుతా. లైట్లు వెలుగుతాయా?"

అవ్వ పోయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఎలగలా. చిన్నోని జిగేలూ లేదు. మామూలు లైటూ లేదు."

స్టీరింగు కింద ప్లాస్టిక్ మూత ఊడదీస్తే చిన్న చిన్న ఫ్యూజుల వరస. మూత లోపలి వైపు ఏది దేనికో రాసి ఉంది. స్టాప్ అని రాసినచోట ఉన్న నీలం ఫ్యూజును మస్తానన్న ముక్కు పటకారుతో లాగి వెలుగులో పట్టుకున్నాడు. లోపలి తీగ మాడిపోయి ఉంది.

"ఇదా? ఇంత మాత్రానికా?" అని పరుగున పోయి అంగడి నుంచి అదే రంగు ఫ్యూజులు తెచ్చాడు. ఆయన ముఖంలో ఇప్పుడు ఎగతాళి లేదు. పండగ ఉంది. ఒకటి పెట్టాడు. నేను బ్రేకు తొక్కాను. టిక్కుమని చిన్న శబ్దం. అదీ మాడింది.

"ఇంకోటి ఏద్దామా?"

"వద్దన్నా. ఏది మాడుస్తోందో చూసి వేద్దాం."

ఇద్దరం వెనక్కి పోయాం. చూడగానే తెలిసింది. చిన్నాయన లైట్ల దండ వైరు వెనక తలుపు సందులోంచి పోతోంది. స్పీడు బ్రేకరు మీద తలుపు కొట్టుకున్నప్పుడు వైరు నలిగి, పైతోలు పోయి, లోపలి రాగి ఇనుపరేకుకు అంటుకుని ఉంది. బ్రేకు తొక్కినప్పుడల్లా కరెంటు ఆ దారిన పోయి ఫ్యూజును మాడుస్తోంది. వెనక దీపాలకు కట్టిన అలంకారం ముందు గేరును బిగించేసింది. ఎవరూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు. పొద్దున బైకాయన తిట్టినప్పుడు నేనూ చూడలేదు.

"దండ కోసెయ్యన్నా."

"మీ చిన్నాయన ఏమన్నా అంటాడేమో అమ్మా. పూజలో కట్టింది."

పటకారు నేనే తీసుకున్నాను. దండ వైరును రెండు చోట్ల కోశాను. మస్తానన్న తెగిన కొసలకు టేపు చుట్టాడు. కొత్త ఫ్యూజు పెట్టాం. నేను ఎక్కి బ్రేకు తొక్కాను.

"ఎలిగినాయే!" అని అవ్వ వెనక నుంచి కొండకు వినపడేట్టు అరిచింది.

అప్పుడు నేను కిటికీలోంచి తల బయట పెట్టి, ఈసారి అవ్వ సాయం లేకుండా అన్నాను. "ఇంకొక్కసారి పైకి తోయండి."

టీ బంకాయన కూడా వచ్చి చెయ్యి వేశాడు. బండి బెత్తెడు కదిలింది. లివరును రెండు వేళ్ళతో లాగాను. వచ్చేసింది. ఠంగుమని చప్పుడు కూడా లేదు. మైదానంలో వచ్చినట్టే వెన్నలా వచ్చింది. నా మొదటి ఆలోచన తప్పు కాదు. జబ్బులు రెండు. ఒకటి ఇవాళ్టిది, ఫ్యూజు. రెండోది రోజూ మేమే తెచ్చిపెట్టుకున్నది, హ్యాండ్ బ్రేకు వేయకుండా బరువంతా ఆ పన్ను మీద వదిలేయడం. ఒకదాని వెనక ఒకటి దాక్కుని గేరుబాక్సు పోయిందని ఊరంతా నమ్మేట్టు చేశాయి.

రాయి తీసి తొట్టిలో వేద్దామని చూస్తే అవ్వ దాని మీద కూర్చుని వక్కాకు నములుతోంది. "ఇది కూకోను బాగుండాది," అంది.

మస్తానన్న రెండు ఫ్యూజులు నా చేతిలో పెట్టాడు. "దావలో పనికొస్తాయి. మళ్ళా ఈ పక్క వస్తే నిలబడు, ఇంకొకసారి చూడాల ఈ బండిని." టీ బంకాయన టీల డబ్బులు తీసుకోలేదు. ఇందాకటి నవ్వుకు అది ఆయన చెప్పుకున్న సంజాయిషీ అని నేననుకున్నాను.

పదిన్నరకు మళ్ళీ హైవే. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే వదిలి ధర్మవరం దారి పట్టాం. రెండు పక్కలా వేరుశనగ చేలు, అక్కడక్కడా గొర్రెల మందలు. ఒక మంద రోడ్డు దాటుతుంటే ఆగాను. కర్ర భుజాన వేసుకున్న పెద్దాయన లోపలికి తొంగిచూసి, "ఆడపిల్ల తోలుతాండాదే! యాడికి పోతాండారవ్వా?" అన్నాడు. "అది యాడికి తోలితే ఆడికి," అంది అవ్వ.

మధ్యాహ్నానికి ధర్మవరం చేరాం. సందు మొదట్లో నుంచే మగ్గాల చప్పుడు. నూలు అందుకోవాల్సిన నరసమ్మక్క గడపలోనే ఉంది. మగ్గం మీది పాత పోగుల కొసలకు కొత్త నిలువు పోగులు అతికేవాళ్ళు పొద్దున్నుంచి ఆమె అరుగు మీద ఎదురుచూస్తున్నారు. ఆలస్యానికి అరుస్తుందనుకున్నాను. మూటలు దించించి, చేతులు కడుక్కోమని, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. అవ్వ జరిగిందంతా చెప్పింది. జరగనిది కూడా కొంచెం చెప్పింది.

"ఈ కొంచేనికి బండి అమ్ముతారా?" అంది నరసమ్మక్క. "మా ఇంట్లో రోజూ పోగులు తెగతాయి. తెగినప్పుడల్లా మగ్గం అమ్ముకోని ఉంటే ఈపాటికి ధర్మవరంలో ఒక్క మగ్గం ఉండదు."

ఆ సందూ ఏటవాలే. అక్కడే మొదటిసారి నా పద్ధతిలో బండి నిలిపి ఉన్నాను. ఈ దారిన రాబోయేవాళ్ళు, నాలాగే పుస్తకం రాని బండి కొన్నవాళ్ళు, ఇది గుర్తుపెట్టుకోండి. బ్రేకు మీద కాలు తీయకుండా ముందు హ్యాండ్ బ్రేకు లాగండి. తర్వాత కాలు కొంచెం వదిలి, బరువును దాని మీద ఆననివ్వండి. ఆ తర్వాతే లివరు పి లోకి. తీసేటప్పుడు లివరు ముందు, హ్యాండ్ బ్రేకు తర్వాత. అసలే కదలకపోతే లాగి విరగ్గొట్టకండి. ఎవరినైనా వెనక నిలబెట్టి లైటు చూడమనండి. మా అవ్వ అంత గొంతున్నవాళ్ళైతే మంచిది.

తిరుగు ప్రయాణం రెండున్నరకు మొదలైంది. ఖాళీ బండి తేలిగ్గా పోయింది. పెనుకొండ కొండ మీద కోటగోడ ఎండలో ఎర్రగా కనిపించింది. పొద్దున దాన్ని చూడనే లేదని అప్పుడు తెలిసింది. అవ్వ నిద్రపోయింది. చిన్నాయన నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో నేను చూడలేదు. ట్రైలర్ల పక్క నుంచి పోయేటప్పుడు చెమటలు పట్టలేదు.

అయిదు దాటాక మా వీధిలోకి తిరిగాను. వాకిట్లో నాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తెల్ల చొక్కా ఆయన, అంటే మడకశిర నుంచి వచ్చిన మనిషి. చిన్నాయన రోడ్డు మీదే ఉన్నాడు. మొదట బండి వెనక చూశాడు. దండ లేదు. నేను బండి ఆపుతుండగా అలవాటు కొద్దీ తొట్టిలోంచి రాయి దించి, చక్రం దగ్గరికి మోసుకొచ్చాడు.

"రాయి వద్దు చిన్నాయనా," అన్నాను.

ఆయన రాయి పట్టుకునే నిలబడ్డాడు. నేను బ్రేకు మీద కాలుంచి హ్యాండ్ బ్రేకు లాగాను. కాలు వదిలి, బరువును దాని మీద ఆననిచ్చి, లివరు పి లో వేశాను. బండి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మళ్ళీ బ్రేకు తొక్కి, అందరూ చూస్తుండగా లివరును రెండు వేళ్ళతో బయటికి లాగి, మళ్ళీ పి లో పెట్టాను.

మడకశిరాయన కుర్చీలోంచి లేచాడు. "గేరుబాక్సు పోయిందన్నావే? ఇది బాగుండాదే! రేటు మళ్ళా మాట్లాడుకుందాం."

"మాట్లాడేదేం లేదు," అన్నాను. ఆ వాక్యాన్ని ముందుగా మనసులో రాసుకోలేదు. "బండి నడుచుకుంటూ వచ్చింది. అమ్మడం లేదు."

చిన్నాయన నాయన వైపు చూశాడు. నాయన నా వైపు చూసి, "మళ్ళా లోడు ఎప్పుడమ్మా?" అన్నాడు.

ఆ తర్వాత ధర్మవరం చాలాసార్లు పోయాను. కొండ, కోటగోడ, వేరుశనగ చేలు ఇప్పుడు సావకాశంగా చూస్తాను. పెనుకొండలో మస్తానన్న బండి ఆపించి, లివరును ఒకసారి లాగి చూసి తృప్తిగా పంపిస్తాడు. నాకు నచ్చినచోట ఆగుతాను, నచ్చినప్పుడు కదులుతాను. చిన్నాయన వదిలేసిన రాయి ఇంకా మా వాకిట్లోనే ఉంది. సాయంత్రాలు అవ్వ దాని మీద కూర్చుని వక్కాకు వేసుకుంటూ, నేను ఎత్తు మీద బండి నిలపడం చూస్తుంటుంది.